డొమైన్ మీదే, మెయిల్ మాత్రం మానేసిన ఉద్యోగికి వెళ్తోంది

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా ఫోన్లు బయటికి తీయండి. మామూలుగా వక్తలు ఫోన్లు లోపల పెట్టమంటారు, ఈ విషయానికి మాత్రం అవి చేతిలో ఉండాలి. ప్రపంచమంతటా డొమైన్ పేర్లకు నిబంధనలు పెట్టే ఐకాన్ (ICANN) సంస్థవాళ్ల లుకప్ పేజీ తెరిచి, మీ వ్యాపారం నడుస్తున్న డొమైన్ పేరు, అంటే మీ వెబ్‌సైట్ చిరునామా, కొట్టండి. ఒక పేజీడు సమాచారం వస్తుంది. దాన్ని అలా తెరిచి ఉంచుకుని వినండి, మధ్యమధ్యలో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

డొమైన్ పోయిందనగానే చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒకటే. "రెన్యువల్ కట్టడం మరిచిపోయి ఉంటారు." మరిచిపోవడం నిజమే, కానీ ఎందుకు మరిచిపోయారు? గుర్తుచేసే మెయిల్ రాలేదా అంటే, వెళ్లింది. ఒకటి కాదు, మూడు వెళ్లాయి. ఎక్కడికి వెళ్లాయన్నదే అసలు సంగతి. నాలుగేళ్ల కిందట ఉద్యోగం మానేసినవాళ్ల పేరున ఉన్న ఇన్‌బాక్స్‌కి, లేదా వెబ్‌సైట్ కట్టిచ్చి వెళ్లిపోయిన డిజైనర్‌కి, లేదా ఇప్పుడెవరూ తెరవని ఒక ఉచిత మెయిల్‌కి. ఈ గంటసేపూ ఆ చిరునామా గురించే మాట్లాడతాను. ధర గురించి, హోస్టింగ్ (సైటును సర్వర్ మీద ఉంచే సేవ) గురించి మాట్లాడను.

ముందు ఎవరెవరు ఉంటారో చెప్పుకుందాం. చివర .కామ్ ఉన్న పేర్లన్నిటి పెద్ద పట్టికను వెరిసైన్ అనే కంపెనీ నడుపుతుంది. దాన్ని రిజిస్ట్రీ అంటాం. వాళ్లు మీతో నేరుగా మాట్లాడరు. మీకు పేరు అమ్మేది రిజిస్ట్రార్. చాలాసార్లు ఆ రిజిస్ట్రార్ కింద ఒక రీసెల్లర్, అంటే తెచ్చి అమ్మే మధ్యవర్తి, ఆ రీసెల్లర్ కింద మీ వెబ్ డిజైనర్ ఉంటారు. చిట్టచివర మీరు, అంటే పేరు నమోదు చేయించుకున్న రిజిస్ట్రంట్. మీరు డబ్బు కట్టింది డిజైనర్‌కి కాబట్టి డిజైనర్‌కే అన్నీ తెలుసనుకుంటారు. డిజైనర్ ఆ పేరును తన ఖాతాలో, తన మెయిల్‌తో, ఒక్కోసారి తన సొంత పేరు మీదే తీసి ఉంటారు. మోసం చేద్దామని కాదు, ఆ రోజు అది తేలిక కాబట్టి. కానీ ఐకాన్ నిబంధనల ముందు రిజిస్ట్రంట్ అన్న గడిలో ఎవరి పేరుంటే డొమైన్ వాళ్లదే. బిల్లు ఎవరు కట్టారన్నది తర్వాత మీరు తెచ్చి చూపించుకోవాల్సిన రుజువు.

ఇక్కడ చాలామంది రెండు వేరువేరు చిరునామాలను ఒకటే అనుకుని దెబ్బతింటారు. ఒకటి, రిజిస్ట్రార్ సైట్‌లో లాగిన్ అయ్యే ఖాతా మెయిల్. రెండోది, ఆ డొమైన్ మీద రిజిస్ట్రంట్‌గా రాసి ఉన్న మెయిల్. ఖాతాలోకి వెళ్లి ప్రొఫైల్‌లో మెయిల్ మార్చినంత మాత్రాన డొమైన్ మీది మెయిల్ మారుతుందని ఏమీ లేదు. ఒకే ఖాతాలో పది డొమైన్లుంటే, పదింటి మీదా పది రకాల పాత వివరాలు ఉండిపోవచ్చు. ఖాతా వివరాల పేజీ చూసి తృప్తిపడకండి, ఒక్కో డొమైన్ తెరిచి కాంటాక్ట్ వివరాలు చూడండి.

ఇప్పుడు ఫోన్‌లో తెరిచిన పేజీకి వద్దాం. ఇదివరకు దీన్ని హూయిజ్ అనేవాళ్లు, అలవాటుకొద్దీ ఇప్పటికీ అంటున్నాం. 2025 జనవరి 28 నుంచి .కామ్ లాంటి పేర్లకు హూయిజ్ నడపాల్సిన అవసరం రిజిస్ట్రార్లకు లేకుండా పోయింది, దాని స్థానంలో అదే పని చేసే ఆర్‌డీఏపీ అనే కొత్త పద్ధతి వచ్చింది. మీకు కనిపిస్తున్నది అదే. రిజిస్ట్రంట్ పేరు, మెయిల్ ఉండాల్సిన చోట చాలామందికి "దాచబడింది" అన్న అర్థంలో ఒక మాట కనిపిస్తుంది. 2018 మే 25న ఐరోపా డేటా రక్షణ చట్టం అమల్లోకి వచ్చాక బయటివాళ్లకు ఆ వివరాలు చూపించడం మానేశారు. గోప్యతకు మంచిదే. కానీ దీనివల్ల ఒక నష్టమూ జరిగింది. అంతకుముందు హూయిజ్ చూసి, "అరే, ఇంకా పాత మేనేజర్ పేరే ఉందే" అని ఏ స్నేహితుడో చెప్పేవాడు. ఇప్పుడు ఆ తప్పు మీ కంటికీ కనిపించదు, మరొకరి కంటికీ కనిపించదు. లాగిన్ అయి లోపలికి వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

అయినా ఈ పేజీలో చదవాల్సినవి నాలుగున్నాయి. మొదటిది రిజిస్ట్రార్ పేరు. అది మీరు ఎప్పుడూ వినని పేరైతే, మీరు కొన్నది రీసెల్లర్ దగ్గరన్నమాట. ఆ పేరు రాసి పెట్టుకోండి. రీసెల్లర్ మూతపడితే మీరు వెళ్లాల్సిన తలుపు అదే. రెండోది నేమ్‌సర్వర్లు, అంటే మీ పేరు కొట్టినవాళ్లకు సైటు ఎక్కడుందో చెప్పే సర్వర్లు. మీ హోస్టింగ్‌కి సంబంధం లేని పేర్లు, ముఖ్యంగా పార్కింగ్ (సైటు బదులు ప్రకటనల పేజీ చూపించడం) అనిపించే పేర్లు ఉంటే గడువు దాటిపోయి ఉండొచ్చు.

మూడోది గడువు తేదీ. దీని దగ్గర ఒక నిమిషం ఆగాలి, బాగా తెలిసినవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. .కామ్ పేరు గడువు తీరిన రోజున రిజిస్ట్రీ తనంతట తానే ఆ పేరును ఇంకో ఏడాదికి పొడిగిస్తుంది. మీరు కట్టారా లేదా అన్నది దానికి అక్కర్లేదు, రిజిస్ట్రార్ దగ్గర్నుంచి ఆ డబ్బు కోసుకుంటుంది. మీరు కట్టకపోతే 45 రోజుల్లోపు రిజిస్ట్రార్ ఆ పేరును తీసేసి తన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. దీని ఫలితం ఏమిటంటే, గడువు తీరిపోయిన డొమైన్‌ని మీరు వెతికినా రిజిస్ట్రీ రికార్డులో వచ్చే ఏడాది తేదీ కనిపిస్తుంది. "హమ్మయ్య, ఆటో రెన్యువల్ అయిపోయింది" అనుకుని మూసేస్తారు. అవలేదు. అదే పేజీలో కిందకి జరిగితే రిజిస్ట్రార్ ఇచ్చే గడువు తేదీ వేరుగా ఉంటుంది, మీకు లెక్కకొచ్చేది అది. అది కనిపించకపోతే ఖాతాలోకి లాగిన్ అయి చూడండి, డబ్బు కట్టిన రసీదు ఉందో లేదో చూడండి.

నాలుగోది స్టేటస్ వరస. "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అని ఉంటే కంగారు పడొద్దు, అది పేరును ఇంకో రిజిస్ట్రార్‌కి తరలించకుండా వేసిన తాళం, ఉండాల్సిందే. "ఆటో రెన్యూ పీరియడ్" అని ఉంటే ఇప్పుడు చెప్పిన 45 రోజుల్లో ఉన్నారు, డబ్బు కట్టారో లేదో ఈ రోజే చూడండి. "క్లయింట్ హోల్డ్" అని ఉంటే రిజిస్ట్రార్ మీ పేరును ఆపేశాడు, సైటూ మెయిలూ రెండూ పనిచేయవు. "రిడెంప్షన్ పీరియడ్" అంటే తీసేశారు, ఇంకా వెనక్కి తెచ్చుకోవచ్చు. దాని పక్కన "పెండింగ్ డిలీట్" కూడా కనిపించవచ్చు; రిడెంప్షన్ లేకుండా "పెండింగ్ డిలీట్" ఒక్కటే ఉంటే మాత్రం ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ దశలు తేదీలతో చెప్తే బాగా ఎక్కుతాయి. మీ డొమైన్ గడువు మార్చి 10 అనుకుందాం. ఐకాన్ నిబంధన ప్రకారం రిజిస్ట్రార్ సుమారు నెల ముందు ఒక నోటీసు పంపాలి, అంటే ఫిబ్రవరి రెండో వారంలో. సుమారు వారం ముందు ఇంకోటి, మార్చి 3 ప్రాంతంలో. రెన్యూ కాకపోతే గడువు తీరిన అయిదు రోజుల్లోపు మూడోది, మార్చి 15లోపల. ఈ నిబంధన 2013 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉంది. నిబంధన అడిగేది పంపడం వరకే. అందిందా, ఎవరైనా చదివారా అన్నది వాళ్ల పని కాదు. రికార్డులో ఉన్న మెయిల్‌కి పంపితే వాళ్ల బాధ్యత తీరిపోయింది. ఆ మెయిల్ పాతదైతే, మీ తరపున ఎవరో ఒకరు మూడు నోటీసులూ అందుకున్నట్టే లెక్క.

మార్చి 10 నుంచి 45 రోజులంటే ఏప్రిల్ 24. ఈలోపు మామూలు రుసుముతో, ఒక్కోచోట ఆలస్య రుసుముతో రెన్యూ చేసుకోనిస్తారు. తర్వాత పేరు తీసేస్తే రిడెంప్షన్ 30 రోజులు, మే 24 దాకా. ఇందులో వెనక్కి తేవాలంటే రెన్యువల్‌కి తోడు పునరుద్ధరణ రుసుము కూడా కట్టాలి, అది రెన్యువల్‌ కంటే చాలా ఎక్కువ. పైగా పాత రిజిస్ట్రార్ ద్వారానే కుదురుతుంది, ఇంకొకరి దగ్గరికి మార్చుకుందామంటే ఆ దశలో మార్చనివ్వరు. ఆ తర్వాత అయిదు రోజులు పెండింగ్ డిలీట్. మే 29న పేరు బజార్లో పడుతుంది. పడటం అంటే మీరు తీరిగ్గా వెళ్లి కొనుక్కోవచ్చని కాదు. పడే పేర్ల కోసమే ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి. కాస్త సందర్శకులున్న పేరైతే సెకను కూడా నిలవదు.

మొత్తం 80 రోజులు. వినడానికి బోలెడు సమయంలా ఉంటుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. 45 రోజులన్నది రిజిస్ట్రీ రిజిస్ట్రార్‌కి ఇచ్చిన గరిష్ఠ గడువు, మీకు ఇచ్చిన హక్కు కాదు. రిజిస్ట్రార్ అంతకంటే ముందే తీసేయొచ్చు. ఇంకా ఎక్కువగా జరిగేది, తీసేయకుండా ఆ 45 రోజుల్లోనే పేరును వేలానికి పెట్టడం. మీరు కొనేటప్పుడు ఒప్పుకున్న షరతుల్లో అందుకు అనుమతి ఉంటుంది, ఎవరూ చదవరు. వేలంలో ఎవరైనా గెలిస్తే పేరు నేరుగా వాళ్ల చేతికి వెళ్తుంది. రిడెంప్షన్ దశ రానే రాదు. "ఇంకా నెలన్నర ఉంది" అని లెక్కలేసుకుంటూ కూర్చున్నవాళ్లకి ముప్ఫయ్యో రోజునో, నలభయ్యో రోజునో పేరు పోతుంది. మీ రిజిస్ట్రార్ షరతుల్లో వేలం ఎన్నో రోజున మొదలవుతుందో ఒకసారి చూసి, ఆ అంకెనే మీ అసలు గడువు అనుకోండి.

ఇదంతా .కామ్, .నెట్ లాంటి వాటి లెక్క. దేశాల పేరుతో ఉండే పొడిగింపులకు ఎవరి నిబంధనలు వాళ్లవి. .ఈయూ పేరు తీసేస్తే 40 రోజులు క్వారంటైన్‌లో ఉంటుంది. కొన్నింటికి గడువు తర్వాత వెసులుబాటు చాలా తక్కువ. మీది దేశ పొడిగింపైతే ఆ రిజిస్ట్రీ సైట్‌లో చదువుకోండి, నేను చెప్పిన తేదీలు దానికి అతికించకండి.

ఒక మంచి నిబంధన కూడా ఉంది, అది ఎందుకుందో తెలిస్తే ఉపయోగపడుతుంది. పేరు తీసేసే ముందు, మీరు ఇంకా రెన్యూ చేసుకోగలిగిన కాలంలో చివరి ఎనిమిది రోజులు వరసగా రిజిస్ట్రార్ సైటును ఆపేయాలి. మెయిల్ చదవనివాళ్లకు సైటు ఆగితేనన్నా తెలుస్తుందని. ఎప్పుడూ చూడని సైటు ఆగితే మాత్రం ఎవరికి తెలుస్తుంది? పాత బ్రాండు పేరు, ఎప్పుడో కొని కొత్త సైటుకి మళ్లించి వదిలేసిన పేరు, మెయిల్ కోసమే వాడుతున్న పేరు, ఇలాంటివి నిశ్శబ్దంగా జారిపోతాయి.

ఇక మెయిల్ చిరునామా విషయంలో జరిగే తప్పులకి వద్దాం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఇక్కడే.

అన్నిటికంటే మామూలు తప్పు, డొమైన్ కాంటాక్ట్‌గా అదే డొమైన్ మీద ఉన్న మెయిల్ ఇవ్వడం. చూడ్డానికి హుందాగా ఉంటుంది, కంపెనీ పేరుతో ఉన్న మెయిల్. కానీ గడువు తీరి నేమ్‌సర్వర్లు మారిన క్షణం నుంచి ఆ మెయిల్ పనిచేయదు. మూడో నోటీసు రాదు. రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ గుర్తుండదు, రీసెట్ లింకు అదే చచ్చిన మెయిల్‌కి వెళ్తుంది. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు. కాబట్టి కాంటాక్ట్ మెయిల్ వేరే డొమైన్ మీద ఉండాలి. పెద్ద మెయిల్ సేవ ఏదైనా పరవాలేదు. అలాగని ఎవరి వ్యక్తిగత మెయిలో పెట్టొద్దు. డొమైన్ల పని కోసమే ఒక పెట్టె తెరిచి, దానికి వచ్చే ప్రతి మెయిలూ కనీసం ఇద్దరికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టండి. ఒకరు సెలవులో ఉంటే ఇంకొకరు చూస్తారు.

రెండో తప్పు ఇంకాస్త లోతైంది. మీ కాంటాక్ట్ మెయిల్ మీ పాత డిజైనర్ కంపెనీ డొమైన్ మీద ఉందనుకోండి. ఆ కంపెనీ మూతపడింది, వాళ్ల డొమైన్ గడువు తీరింది, ఎవరో కొన్నారు. కొన్నవాళ్లు ఎంఎక్స్ రికార్డు (డొమైన్‌కి వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది) పెట్టి, ఆ డొమైన్‌కి ఏ పేరుతో వచ్చిన మెయిలైనా ఒకే పెట్టెలో పడేలా చేస్తారు. అయిదు నిమిషాల పని. ఇక మీ రిజిస్ట్రార్ సైట్‌కి వెళ్లి "పాస్‌వర్డ్ మరిచిపోయాను" అని నొక్కితే లింకు వాళ్లకే వెళ్తుంది. మీ డొమైన్ గడువు ఇంకా అయిదేళ్లుండొచ్చు, డబ్బులన్నీ కట్టి ఉండొచ్చు. అయినా పోతుంది. ఇక్కడ గడువు తీరింది మీ డొమైన్‌ది కాదు, మీ కాంటాక్ట్ మెయిల్ ఉన్న డొమైన్‌ది. రెండంచెల లాగిన్ పెట్టుకుంటే దీన్ని చాలావరకు ఆపొచ్చు. కానీ ఆ రెండో అంచె కోడ్ పాత మొబైల్ నంబరుకి వెళ్తుంటే మళ్లీ మొదటికే వస్తుంది. వదిలేసిన నంబర్లను టెలికాం కంపెనీలు కొన్నాళ్లకి ఇంకొకరికి ఇస్తాయి. నంబరు కంటే, కోడ్‌ని ఫోన్‌లోనే తయారుచేసి చూపించే ఆథెంటికేటర్ యాప్ నయం, దాని బ్యాకప్ కోడ్లు కాగితం మీద అచ్చు వేసి బీరువాలో పెడితే ఇంకా నయం.

మూడోది ప్రైవసీ సేవ. మీ పేరు బదులు ప్రైవసీ కంపెనీ చిరునామా కనిపిస్తుంది, దానికి వచ్చిన మెయిల్ వాళ్లు మీకు పంపుతారు. వెనక మీరు ఇచ్చిన అసలు మెయిల్ పాతదైతే ఆ ఫార్వర్డింగ్ గాల్లో కలిసిపోతుంది. పైగా వీటిలో ప్రాక్సీ అనే రకం ఉంది, అందులో రికార్డు ప్రకారం రిజిస్ట్రంట్ ఆ ప్రాక్సీ కంపెనీయే. మీకూ వాళ్లకీ ఉన్న ఒప్పందమే మీ హక్కు. ఆ ఒప్పందం పీడీఎఫ్ దాచుకోండి.

"ఆటో రెన్యూ ఆన్ చేసి ఉంది కదండీ" అంటారు చాలామంది. ఆన్ చేయండి, తప్పకుండా. కానీ అది కార్డు మీద ఆధారపడుతుంది. కార్డు గడువు తీరితే, బ్యాంకు నంబరు మార్చి కొత్త కార్డు ఇస్తే ప్రయత్నం విఫలమవుతుంది. విఫలమైందన్న మెయిల్ మళ్లీ ఏ చిరునామాకి వెళ్తుంది? ఆటో రెన్యూ ఉందన్న ధీమాతో క్యాలెండర్‌లో తేదీ కూడా రాసుకుని ఉండరు. ఇది చిన్న వ్యాపారాల జబ్బు అనుకోకండి. 2017 జులైలో మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మార్కెటో సొంత డొమైన్ గడువు తీరిపోయింది, ఆటో రెన్యువల్ విఫలమైంది. దాని మీద ఆధారపడ్డ ఖాతాదారుల వెబ్‌ ఫారాలు, ట్రాకింగ్ లింకులు ఆగిపోయాయి. చివరికి వాళ్ల ఖాతాదారుల్లో ఒకరు చూసి తనే రెన్యువల్ డబ్బు కట్టారు. దానికి సరిగ్గా జత, 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పాస్‌పోర్ట్ డొమైన్. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే నడిచేది. క్రిస్మస్ సెలవుల్లో ఎవరూ చూసుకోలేదు, బయటి ప్రోగ్రామర్ ఒకరు తన కార్డు మీద 35 డాలర్లు కట్టి నిలబెట్టారు. అంత పెద్ద కంపెనీలకు కట్టడానికి డబ్బు లేక కాదు కదా.

ఇప్పుడు సరిదిద్దడం. "ఈ రోజే వెళ్లి వివరాలన్నీ మార్చేస్తాం" అని కొందరు ఉత్సాహంగా ఉన్నట్టున్నారు. ఆగండి, దానికీ ఒక వరస ఉంది. వరస తప్పితే సరిదిద్దబోయి సైటు ఆపుకుంటారు.

రిజిస్ట్రంట్ మెయిల్ మార్చగానే రిజిస్ట్రార్ కొత్త మెయిల్‌కి ఒక ధ్రువీకరణ లింకు పంపుతాడు. 15 రోజుల్లోపు దాన్ని నొక్కాలి. నొక్కకపోతే, ఇంకో విధంగానైనా ధ్రువీకరించుకోలేకపోతే డొమైన్‌ని ఆపేస్తారు. 2014 నుంచి ఇదే నిబంధన. మెయిల్ స్పామ్‌లో పడింది, మీరు చూడలేదు, పదహారో రోజు పొద్దున సైటు లేదు. స్టేటస్‌లో క్లయింట్ హోల్డ్. అప్పుడు "మళ్లీ పంపు" అని నొక్కితే, మీరు ఇచ్చిన కొత్త మెయిల్ అదే డొమైన్ మీదైతే ఆ లింకు మీకు అందే దారే లేదు. అందుకే మార్చిన గంటలోనే స్పామ్‌తో సహా వెతికి, లింకు నొక్కి, "ధ్రువీకరించబడింది" అన్న తెర ఫొటో తీసి పెట్టుకోండి. నిజమైన లింకా, దొంగ లింకా అన్న అనుమానం వస్తే, రావాలి కూడా, మెయిల్‌లో నొక్కకుండా నేరుగా రిజిస్ట్రార్ సైట్‌లో లాగిన్ అయి చూడండి. పెండింగ్ ధ్రువీకరణ ఉంటే సాధారణంగా అక్కడ కనిపిస్తుంది.

రెండో సంగతి. రిజిస్ట్రంట్ పేరు, సంస్థ, మెయిల్, ఈ మూడింట్లో దేన్ని గణనీయంగా మార్చినా దాన్ని యజమాని మార్పుగా చూస్తారు. పాత మెయిల్‌కీ కొత్త మెయిల్‌కీ రెండింటికీ ఆమోదం అడుగుతారు. పైగా 60 రోజుల పాటు ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చనివ్వని తాళం పడుతుంది. కొందరు రిజిస్ట్రార్లు ఈ తాళం వద్దనుకునే వీలిస్తారు, కానీ మార్పు చేసే ముందే ఆ గడిలో టిక్ పెట్టాలి. గడువు నలభై రోజులుందనగా వివరాలు మార్చి, ఆ తర్వాత వేరే రిజిస్ట్రార్‌కి వెళ్దామనుకున్నవాళ్లు ఈ తాళంలో చిక్కుకుంటారు. గడువు దగ్గరలో ఉంటే ముందు రెన్యూ చేయండి, మిగతావి తర్వాత. రిజిస్ట్రార్‌ని మార్చే ఉద్దేశం ఉంటే ముందు మారి, కొత్త చోట స్థిరపడ్డాక వివరాలు మార్చండి. ఇంకో చిన్న మెలిక: గడువు తీరాక రెన్యూ చేసి, ఆ 45 రోజుల్లోపే ఇంకో రిజిస్ట్రార్‌కి మారితే కట్టిన ఏడాది రికార్డులోంచి పోతుంది. ఆ 45 రోజులు గడిచాక కదలండి.

పాత మెయిల్ చచ్చిపోయి ఉంటే ఆమోదం ఎలా? అప్పుడు రిజిస్ట్రార్ సపోర్టుకి పత్రాలు పంపాలి. మామూలుగా అడిగేవి కంపెనీ నమోదు పత్రం, లెటర్‌హెడ్ మీద సంతకంతో ఉత్తరం, సంతకం చేసినవాళ్ల గుర్తింపు పత్రం, డొమైన్‌కి కట్టిన పాత బిల్లులు. ఇక్కడ కూడా పాత వివరాలే కాటేస్తాయి. రికార్డులో సంస్థ గడి ఖాళీగా ఉండి, పాత ఉద్యోగి పేరు ఒక్కటే ఉంటే, మీ కంపెనీ పత్రం చూపించి లాభం లేదు. ఆ పత్రంలో ఉన్న పేరు రికార్డులో లేదు కదా. ఆ ఉద్యోగి సంతకం తెమ్మంటారు. మంచిగా వెళ్లిపోయినవాళ్లైతే ఒక ఫోన్‌తో అయిపోతుంది, గొడవపడి వెళ్లినవాళ్లైతే మీకే తెలుసు. అందుకే సంస్థ గడిలో కంపెనీ పేరు, నమోదు పత్రంలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. కంపెనీ పేరు మారితే, విలీనమైతే ఆ వారంలోనే ఇక్కడా మార్చండి. నిబంధన ప్రకారం ఏ వివరం మారినా ఏడు రోజుల్లో తెలియజేయాలి.

ఆ నిబంధనకి కోరలు కూడా ఉన్నాయి. వివరాలు తప్పని ఎవరైనా ఐకాన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. రిజిస్ట్రార్ మీకు మెయిల్ పంపుతాడు. 15 రోజులు దాటినా జవాబు రాకపోతే డొమైన్‌ని ఆపే అధికారం ఉంది, రద్దు చేసే అధికారమూ ఉంది. ఆ మెయిల్ వెళ్లేది రికార్డులో ఉన్న చిరునామాకే. మీ డొమైన్ మీద కన్నేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. ఏడాదికోసారి "మీ వివరాలు సరిచూసుకోండి" అంటూ రిజిస్ట్రార్ నుంచి ఒక పొడుగాటి మెయిల్ వస్తుంది. 2003 నుంచి పంపుతున్నారు. చాలామంది చెత్త అనుకుని తీసేస్తారు. నిజానికి అది ఉచితంగా దొరికే పరీక్ష. గత పన్నెండు నెలల్లో అది మీ పెట్టెలో కనిపించకపోతే, మీ వివరాలు ఇంకెక్కడో ఉన్నాయన్నమాట.

సరే, ఒక రోజు పొద్దున్నే మెయిల్స్ రావడం ఆగాయి, సైట్ తెరిస్తే ప్రకటనల పేజీ కనిపించింది. ఏం చేయాలి? హోస్టింగ్‌వాళ్లకి ఫోన్ చేసి గంటలు పోగొట్టుకోకండి. మొదట లుకప్‌లో స్టేటస్ చూడండి. గడువు విషయమే అయితే రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి కట్టేయండి. లాగిన్ కుదరకపోతే ఫోన్ సపోర్టుకి వెళ్లండి, చాట్‌కి కాదు. ఖాతా తర్వాత తేల్చుకుందాం, ముందు ఈ డొమైన్‌కి రెన్యువల్ డబ్బు తీసుకోండని అడగండి. కొన్నిచోట్ల ఖాతాదారు కానివాళ్లు కూడా కట్టొచ్చు. వేలం మొదలై ఉంటే ఎప్పుడు ముగుస్తుందో రాతపూర్వకంగా అడగండి. కట్టాక కూడా సైటు అందరికీ ఒకేసారి రాదు. .కామ్ రిజిస్ట్రీ నేమ్‌సర్వర్ రికార్డుల నిల్వకాలం 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు. పార్కింగ్ నేమ్‌సర్వర్లని గుర్తుపెట్టుకున్న నెట్‌వర్కులు 48 గంటల దాకా వాటికే వెళ్లొచ్చు. ఈ రెండు రోజులూ ఖాతాదారులకి చెప్పడానికి వేరే మెయిల్, ఫోన్ నంబర్ల పట్టిక ఉండాలి. అది కూడా పోయిన మెయిల్ లోపలే ఉంటే అది వేరే కథ.

పేరు పూర్తిగా ఇంకొకరి చేతికి వెళ్లిపోతే యూడీఆర్‌పీ అనే ఫిర్యాదు విధానం ఉంది, 1999 నుంచి. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) లాంటి సంస్థలు తీర్పు చెప్తాయి. మూడూ నిరూపించాలి: ఆ పేరు మీ ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, అవతలివాళ్లకి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకుని వాడుతున్నారని. ట్రేడ్‌మార్క్ హక్కు లేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. పేరు మామూలు నిఘంటువు పదమైతే రెండో మెట్టు కష్టం. గెలిస్తే పేరు వస్తుంది, లేదా రద్దవుతుంది, అంతే. నష్టపరిహారం ఉండదు. సజావుగా సాగినా సుమారు రెండు నెలలు పడుతుంది.

ఆ రెండు నెలలూ సైటు కంటే నేను భయపడేది మెయిల్ గురించి. కొత్త యజమాని ఎంఎక్స్ రికార్డు పెట్టుకుంటే మీ ఖాతాదారుల ఉత్తరాలు, బ్యాంకు సమాచారం, సోషల్ మీడియా పాస్‌వర్డ్ రీసెట్లు అన్నీ వాళ్లకి చేరతాయి. డొమైన్ మీద హక్కు చూపించి తాళం గుర్తున్న హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ కూడా నిమిషాల్లో తెచ్చుకుంటారు. కాబట్టి పేరు పోయిందని తెలిసిన గంటలోనే, పోయిన డొమైన్ మెయిల్‌తో తెరిచిన ప్రతి ఖాతాలోకి వెళ్లి మెయిల్ మార్చండి. ఇంకా లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌ని లాగౌట్ చేయొద్దు, మళ్లీ లోపలికి రానివ్వకపోవచ్చు. బ్యాంకు, ప్రకటనల ఖాతా, క్లౌడ్ స్టోరేజీ, ఇదీ వరస.

ముందు వరసలోంచి ఒక ప్రశ్న వచ్చింది. తపాలాలో "మీ డొమైన్ గడువు తీరుతోంది" అని కాగితం వచ్చింది, కట్టాలా అని. కట్టకండి. పాత హూయిజ్ వివరాలు పోగేసుకుని అచ్చం బిల్లులా ఉత్తరాలు పంపేవాళ్లున్నారు. సన్న అక్షరాల్లో అది రిజిస్ట్రార్ మార్పుకి అంగీకారమని ఉంటుంది. కాగితం మీద ఉన్న కంపెనీ పేరు లుకప్‌లో ఉన్న రిజిస్ట్రార్ పేరుతో సరిపోలకపోతే చించి పారేయండి. అయితే ఈ దొంగ ఉత్తరాలకి అలవాటుపడి అసలైన నోటీసునీ చెత్తబుట్టలో వేసేవాళ్లూ ఉన్నారు, అందుకే ఆ పేరు ఫోన్‌లో రాసి పెట్టుకోమన్నాను.

ఇంకో ప్రశ్న, రిజిస్ట్రార్ కంపెనీయే మూతపడితే ఏమిటి అని. 2007లో రిజిస్టర్‌ఫ్లై అనే రిజిస్ట్రార్ విషయంలో అదే జరిగింది, ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి పేర్లను వేరే రిజిస్ట్రార్‌కి అప్పగించాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి రిజిస్ట్రారూ ఖాతాదారుల వివరాల నకలును ఎప్పటికప్పుడు మూడో పక్షం దగ్గర భద్రపరచాలి. రిజిస్ట్రార్ పోయినా, ఆ నకలు తీసి ఇంకొకరికి ఇస్తారు. కొత్త రిజిస్ట్రార్ ఆ నకల్లో ఉన్న మెయిల్‌కి "ఇక మీ డొమైన్ మా దగ్గర ఉంది, ఇదిగో మీ లాగిన్" అని రాస్తాడు. అతని దగ్గరున్నది ఆ ఒక్క చిరునామాయే.